ఫ్లెక్సీ మీద లవమే ఉంటుంది, హారం ఎక్కడ?

ఏప్రిల్ నెలాఖరుకి పదో తరగతి ఫలితాలు వస్తాయి. మర్నాడు తెల్లారేసరికి మా సెంటర్లో కరెంటు స్తంభాలకి ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. ఒకసారి అలాంటి ఫ్లెక్సీ ముందు బండి ఆపి లెక్కపెట్టాను. మధ్యలో 594 వచ్చిన అమ్మాయి నిలువెత్తు ఫొటో, చుట్టూ తపాలా బిళ్లల్లా మరో 23 ముఖాలు, అడుగున "550 పైన 24 మంది" అని ఎర్రక్షరాలు. ఎలాగూ ఆగాను కదా అని లోపలికెళ్లి అడిగాను, "మొత్తం ఎంతమంది రాశారండీ?" అని. కౌంటర్లో ఉన్నాయన నన్ను వదిలేసి గేటు మీదున్న ఫ్లెక్సీ వైపు చూశాడు. "రిజల్ట్ చూశారు కదండీ" అన్నాడు.

24 అన్నది లవం, అంటే భిన్నంలో పై అంకె. కింద హారం, అంటే మొత్తం రాసినవాళ్ల సంఖ్య, 30 అయితే అది మామూలు బడి కాదు. 240 అయితే మాత్రం, పదిమందిలో తొమ్మిదిమంది గురించి ఆ ఫ్లెక్సీ నోరు విప్పలేదన్నమాట. "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అంటూ ఊపిరి తీసుకోకుండా చదివే టీవీ ప్రకటనలు వింటూ పెరిగిన వాళ్లం మనం. లవాలు వినడం అలవాటైపోయింది, హారం అడగాలన్న ఆలోచనే రాదు. పదో తరగతి ర్యాంకుల ప్రచారం మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఆంక్షలు పెట్టింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, కానీ అవి కోచింగ్ సెంటర్లకి. ఫ్లెక్సీలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

"మంచి బడి" అన్న మాటలో మూడు వేరువేరు సంగతులు

ఇద్దరు తల్లులు గేటు దగ్గర నిలబడి "ఆ బడి బాగుంటుందట" అనుకున్నప్పుడు, ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుతున్నారన్న నమ్మకం లేదు. ఒకామె మనసులో ఉన్నవి గదులు, ల్యాబు, మరుగుదొడ్లు, టీచర్ల సంఖ్య. వీటిని వసతులు అనుకుందాం. ఇంకొకామె మార్కుల గురించి మాట్లాడుతోంది, అవి ఫలితాలు. మూడోది ఎదుగుదల: బళ్లో చేరిన రోజున పిల్లవాడు ఎక్కడున్నాడు, ఇవాళ ఎక్కడున్నాడు. మన దగ్గర వసతుల సమాచారం బాగానే దొరుకుతుంది, ఫలితాలు సగం సగం దొరుకుతాయి. బడి గొప్పతనం నిజంగా తెలిసేది మూడోదాంట్లో, దాన్ని బడివారీగా కొలిచి బయటపెట్టే ఏర్పాటు మన దగ్గర కనబడదు. అయోమయమంతా ఇక్కడే. మొదటి రెండింటిని చూసి మూడోది ఊహించుకుంటాం.

ఉత్తీర్ణత శాతం ఏటా ఎందుకు గెంతులేస్తుంది

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. 2020, 2021లో కరోనా వల్ల పరీక్షల్లేవు, అందరూ పాసే. 2022లో ఒక్కసారిగా 67.26కి పడిపోయింది. తర్వాత 72.26, ఆపైన 2024లో 86.69, 2025లో 81.14. ఈ ఆరేడేళ్లలో రాష్ట్రంలోని పిల్లల తెలివితేటలు ఇలా పడిలేచాయని ఎవరూ అనరు. 2022లో రాసినవాళ్లు రెండేళ్లు బడి మొహం సరిగా చూడనివాళ్లు. 2025 బ్యాచ్ పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ కొత్తగా చదివింది. పరీక్ష మారింది, రాసినవాళ్ల పరిస్థితి మారింది, శాతమూ మారింది.

కాబట్టి "మాది 80 శాతం" అని ఒక బడి చెబితే, ఏ సంవత్సరం అన్నది తెలియకుండా ఆ అంకెకి అర్థం లేదు. 2022లో 80 అంటే రాష్ట్ర సగటు కంటే దాదాపు 13 పాయింట్లు పైన. 2024లో అదే 80 అంటే సగటు కంటే ఆరేడు పాయింట్లు కింద. అదే బడి, అదే అంకె.

సరిహద్దు దాటినా ఇదే తిప్పలు. 2025లో తెలంగాణలో 92.78 శాతం పాసయ్యారు. దీన్ని 81.14 పక్కన పెట్టి రెండు రాష్ట్రాల చదువుని పోల్చేవాళ్లు సోషల్ మీడియాలో ఏటా కనబడతారు. ప్రశ్నపత్రాలు వేరు, దిద్దే పద్ధతి వేరు. పైగా ఆ ఏడాది తెలంగాణలో ప్రతి సబ్జెక్టుకీ 20 మార్కులు బడే వేసే ఇంటర్నల్స్, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి నూరు రాత పరీక్షే.

ఒకే పరీక్ష రాసిన జిల్లాల్ని పోల్చడం కొంత నయం. 2025లో పార్వతీపురం మన్యం 93.90 శాతంతో మొదటి స్థానంలో ఉంటే, అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో ఆఖర్న ఉంది. రెండింటిలోనూ ఏజెన్సీ ప్రాంతాలున్నాయి, రెండింటిలోనూ ఆశ్రమ పాఠశాలలున్నాయి. "గిరిజన ప్రాంతం కదా, అంతే" అని చేతులు దులుపుకోవడానికి ఈ రెండంకెలు పక్కపక్కనే కూర్చుని ఒప్పుకోవు.

చిన్న బడి విషయంలో ఇంకో చిక్కు. పన్నెండుమంది రాస్తే ఒక్క పిల్లవాడు తప్పినా శాతం 100 నుంచి 92కి దిగుతుంది. ఆ పిల్లవాడికి పరీక్ష రోజు జ్వరం వచ్చిందేమో. చిన్న బళ్ల శాతాన్ని ఒక్క ఏడాదిది కాక మూడేళ్లది కలిపి చూడటం అందుకే.

నూటికి నూరు, కానీ ఏ నూటికి?

పదో తరగతి పరీక్షకి ముందు హెడ్మాస్టరు నామినల్ రోల్స్ పంపిస్తారు. ఎవరెవరు రాయబోతున్నారన్న జాబితా అది. ఫలితాల్లో కనిపించే శాతానికి హారం ఈ జాబితాలో ఉండి పరీక్షకి హాజరైనవాళ్లే. జాబితా దాకా రానివాళ్లు లెక్కలోనే ఉండరు.

ఊహకి రెండు బళ్లు తీసుకుందాం. కాలువగట్టు బళ్లో రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో 96 మంది. ఇప్పుడు నామినల్ రోల్స్‌లో 71, రాసింది 70, పాసైంది 70. గేటుకి "100%" బోర్డు ఎక్కుతుంది. మర్రిచెట్టు బళ్లో ఎనిమిదిలో 60 మంది ఉంటే, మధ్యలో ముగ్గురు కొత్తగా చేరి 63 అయ్యారు. 62 మంది రాశారు, 55 మంది పాసయ్యారు. 89 శాతం. బోర్డు కట్టుకునేంత గొప్ప కాదు. కానీ ఎనిమిదో తరగతిలో ఉన్న ప్రతి నూరుమందికీ ఎంతమంది గట్టెక్కారని చూస్తే కాలువగట్టు బడిది 73, మర్రిచెట్టు బడిది 92. కాలువగట్టు బళ్లో మిగిలిన పాతికమంది పైచిలుకు ఏమయ్యారు? అందరినీ "మీవాణ్ణి ఇంకెక్కడైనా చేర్పించుకోండి" అని టీసీ చేతిలో పెట్టి పంపేశారని అనడానికి లేదు. గురుకులంలో సీటొచ్చి వెళ్లినవాళ్లుంటారు, తండ్రి పని కోసం హైదరాబాద్ వెళ్లినవాళ్లుంటారు. తొమ్మిదో తరగతి పూర్తవగానే సరిగ్గా వెనకబడిన పిల్లలకే ఊరు మారాల్సిన అవసరం వస్తోందంటే మాత్రం అది అడగదగ్గ ప్రశ్నే.

హారాన్ని గేటు దగ్గరే కుదించడం ఇంకో పద్ధతి. నవోదయ ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటుంది. చాలా గురుకులాలదీ అదే దారి. పేరున్న ప్రైవేటు బళ్లు ఆరో తరగతికే "స్క్రీనింగ్ టెస్ట్" అంటాయి. ఏరి తెచ్చుకున్న పిల్లలకి మంచి మార్కులు వస్తే బడి ఎంత నేర్పింది, పిల్లవాడు ఎంత తెచ్చుకున్నాడు అన్నది విడదీయడం కష్టం.

దీన్ని విడదీసి చూసిన పెద్ద ప్రయోగం మన గడ్డమీదే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో 180 ఊళ్లలో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008లో లాటరీ తీశారు. పేరొచ్చిన సర్కారు బడి పిల్లలు ఫీజు లేకుండా ప్రైవేటు బడికి వెళ్లారు. పేరు రానివాళ్లు ఉన్నచోటే ఉన్నారు. లాటరీ కాబట్టి ఇటువైపు తెలివైనవాళ్లు, అటువైపు వెనకబడ్డవాళ్లు అన్న తేడా ఉండదు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు గుంపుల మధ్యా తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ఇది చదివి సర్కారు బడి అభిమానులు "చూశారా" అంటారు. ప్రైవేటు వైపువాళ్లు చెప్పేది కూడా అందులోనే ఉంది: తెలుగు, లెక్కలకి తక్కువ సమయం కేటాయించి, ఒక్కో పిల్లవాడి మీద సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా ఆ బళ్లు అదే ఫలితం తెచ్చాయి. ఇద్దరూ చెబుతున్నది నిజమే. విడిగా ఏ ఒక్కరూ మొత్తం చెప్పడం లేదు.

టాపర్, సగటు, మధ్యలో పిల్లవాడు

పదేసిమంది పిల్లలున్న రెండు తరగతుల మార్కులివి, 600కి. మొదటి తరగతిలో 590, 585, 580, 400, 380, 350, 330, 300, 260, 225. రెండోదాంట్లో 470, 460, 450, 440, 430, 420, 400, 350, 300, 280. రెండింటి సగటూ సరిగ్గా 400. ఫ్లెక్సీ కట్టేది మాత్రం మొదటి తరగతికే.

పదో తరగతి లెక్కల పుస్తకంలో మధ్యగతం అని ఒకటుంది, గుర్తుందా? మార్కుల్ని వరసలో పెట్టి నడిమిది చూడటం. మొదటి తరగతి మధ్యగతం 365, రెండోదానిది 425. మన పిల్లవాడు టాపరూ కాదు, ఆఖరివాడూ కాదు అనుకుంటే (చాలామంది పిల్లలు అంతేగా) వాడి సంగతి చెప్పేది టాపర్ మార్కు కాదు, ఈ నడిమి మార్కు. ఏ బడీ దీన్ని ప్రకటించదు. అడిగితే చెప్పేవాళ్లున్నారు, ఎందుకంటే బడి మొత్తం ఫలితాల జాబితా హెడ్మాస్టరు లాగిన్లోకి వస్తుంది.

పదకొండు అంకెల వెనక ఏముంది

దేశంలో ప్రతి బడికీ యూడైస్ కోడ్ అని పదకొండు అంకెలుంటాయి. ఆంధ్రప్రదేశ్ బళ్లవి 28తో, తెలంగాణవి 36తో మొదలవుతాయి. తర్వాతి అంకెలు జిల్లా, మండలం, ఊరు, బడి. సర్కారు బళ్లలో చాలాచోట్ల పేరు బోర్డు మీదే రాసి ఉంటుంది. ఈ కోడ్ కొట్టినా, ఊరి పేరుతో వెతికినా కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో "నో యువర్ స్కూల్" అన్నచోట ఆ బడి రిపోర్టు కార్డు వస్తుంది. లాగిన్ అక్కర్లేదు. 2023-24లో దేశవ్యాప్తంగా 14.71 లక్షల బళ్లు ఇందులో ఉన్నాయి.

దీన్ని తెరిచినవాళ్లలో చాలామంది కంప్యూటర్లెన్ని, గదులెన్ని అని చూసి మూసేస్తారు. నా లెక్కన విలువైనవి మూడు గడులు. మొదటిది, గుర్తింపు ఏ తరగతి దాకా. ఏడో తరగతి వరకే గుర్తింపున్న బడి పది దాకా నడుపుతుంటే, పై తరగతుల పిల్లలు కాగితాల మీద ఇంకో బడి విద్యార్థులై ఉంటారు. ఆ సంగతి హాల్ టికెట్ చేతికొచ్చిన రోజున తెలిసి గతుక్కుమన్న తల్లిదండ్రుల్ని చూశాను. రెండోది తరగతివారీ పిల్లల సంఖ్య. పైన చెప్పిన కాలువగట్టు లెక్క వేయడానికి కావలసింది అదే. మూడోది టీచర్లు.

టీచర్ల దగ్గర నిష్పత్తి మోసం చేస్తుంది. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒకరు అంటుంది. 24 మంది పిల్లలు, ఒక టీచరు ఉన్న బడి ఈ లెక్కన చట్టం అడిగినదాని కంటే మెరుగ్గా కనిపిస్తుంది. లోపలికెళితే ఒకటి నుంచి ఐదు దాకా ఐదు తరగతులూ ఒకే గదిలో, ఒకే మనిషి ముందు. అందుకే అదే చట్టం 60 మంది దాకా ఉన్న బడికి ఎలాగైనా ఇద్దరు టీచర్లు ఉండాలంది.

ఇవన్నీ బడివాళ్లు నింపి పంపే వివరాలని మరిచిపోకూడదు. పై అధికారులు సరిచూస్తారు, అయినా కాగితం కాగితమే. మరుగుదొడ్లెన్ని, వాటిలో పనిచేసేవెన్ని అని గడులున్నాయి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందన్న గడి లేదు.

సీబీఎస్‌ఈ బడి అయితే ఇంకొంత దొరుకుతుంది. అనుబంధ బళ్లన్నీ "మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్" పేరుతో తమ వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టి తీరాలి: అనుబంధ పత్రం, ఫైర్ సేఫ్టీ, భవన భద్రత ధ్రువపత్రాలు, టీచర్ల సంఖ్య, మూడేళ్ల పది, పన్నెండు ఫలితాలు. ఆ ఫలితాల పట్టికలో నమోదైనవాళ్లెంతమంది, పాసైనవాళ్లెంతమంది అని పక్కపక్కన గడులుంటాయి. అంటే హారం అడక్కుండానే ఇచ్చేస్తారు. ఆ లింకు సాధారణంగా హోమ్ పేజీలో బస్సు, స్విమ్మింగ్ పూల్ ఫొటోలన్నీ దాటాక ఉంటుంది.

సర్వేలు చెప్పేది మీ బడి గురించి కాదు

జనవరిలో ఏ పేపరు చూసినా "ఐదో తరగతి పిల్లలకి రెండో తరగతి పాఠం చదవడం రాదు" అన్న శీర్షిక ఉంటే అది ఎక్కువగా అసర్ నివేదిక. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న సర్వే ఇది. గ్రామాల్లోనే, ఇళ్లకే వెళ్లి, పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివిస్తారు. 2024 సర్వేలో దేశం మొత్తం మీద సర్కారు బళ్ల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం. 2022లో అది 16.3. "నలుగురిలో ముగ్గురికి పైగా రాదు" అన్నా నిజమే, "రెండేళ్లలో ఏడు పాయింట్లు పెరిగింది" అన్నా నిజమే. శీర్షిక పెట్టేవారి ఇష్టం.

ప్రభుత్వం చేసే సర్వే వేరు. 2017, 2021లో న్యాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) పేరుతో జరిగింది. 2024 డిసెంబర్ 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అన్న పేరుతో 3, 6, 9 తరగతులకి జరిగింది. ఇది బడిలోనే పెట్టే పరీక్ష, ఆ తరగతి స్థాయి ప్రశ్నలతో. ఒకరు ఇంటికెళ్లి కనీసం చదవడం వచ్చా అని చూస్తుంటే, ఇంకొకరు బళ్లో ఉన్నవాళ్లకి సిలబస్ ఎంత వచ్చో చూస్తున్నారు. రెండింటి అంకెలూ కలవకపోవడం సహజం. రెండూ కొంతమందిని ఎంచుకుని చేసేవే కాబట్టి జిల్లా దాకా చెప్పగలవు, మీ వీధి చివర బడి గురించి చెప్పలేవు.

బళ్లకి మార్కులు వేయాలా

ఇంత తిరకాసెందుకు, ప్రభుత్వమే ప్రతి బడికీ రేటింగ్ ఇచ్చేస్తే పోదా అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనకి బలమైన సాక్ష్యం పాకిస్తాన్ పంజాబ్ నుంచి వచ్చింది. అక్కడ 112 గ్రామాల్లో జరిగిన ప్రయోగంలో సగం ఊళ్లలో తల్లిదండ్రులకి తమ పిల్లల మార్కులతోపాటు ఊళ్లోని బళ్లన్నిటి సగటు మార్కులూ ఇచ్చారు. ఆ ఊళ్లలో పిల్లల మార్కులు పెరిగాయి, ప్రైవేటు బళ్ల ఫీజులు 17 శాతం తగ్గాయి. పక్క బడిలోనూ ఇదే చదువుందని తెలిశాక ఎక్కువ ఫీజు అడగడం కష్టమైందన్నమాట.

వద్దనేవాళ్ల వాదనా తేలిగ్గా తీసేసేది కాదు. రేటింగ్ అనగానే బడి దాని కోసమే పనిచేయడం మొదలుపెడుతుంది, వెనకబడ్డ పిల్లవాణ్ణి చేర్చుకోవడం నష్టం బేరమవుతుంది. కూలి పనికి వలసపోయే కుటుంబాల పిల్లలున్న బడికి తక్కువ మార్కులొస్తాయి, చదువుకున్నవాళ్ల పిల్లలు అక్కణ్ణుంచి లేచిపోతారు. అమెరికాలో మనవాళ్లు ఇల్లు కొనేముందు గ్రేట్‌స్కూల్స్ అన్న వెబ్‌సైట్ బడికిచ్చే రేటింగ్ పదికి ఎంతో చూసుకుంటారు. మంచి రేటింగున్న బడి పరిధిలో ఇల్లు ఖరీదు కూడా అలాగే ఉంటుంది. ఆ అంకెలో బడి ఎంత, చుట్టూ ఉన్న కుటుంబాల ఆదాయమెంత అన్న గొడవ అక్కడా తేలలేదు. పిల్లల ఎదుగుదలకి కూడా అందులో చోటిస్తున్నారు గానీ, దానికి ఒకే పిల్లవాణ్ణి ఏటా ఒకే తూకంతో కొలవాలి. మన దగ్గర ఎఫ్‌ఏ, ఎస్‌ఏ (బళ్లో ఏడాది పొడవునా జరిగే పరీక్షలు) పేపర్లు దిద్దేది ఆ బడి టీచర్లే. ఒక బడి వేసిన 18 మార్కులకీ ఇంకో బడి వేసిన 18కీ పోలిక లేదు. అదే బళ్లో అదే పిల్లవాడి ఎఫ్‌ఏ ఒకటినీ మూడునీ పక్కన పెట్టుకోవడం వరకు పనికొస్తాయి.

కాగితం మీద దొరకనిది అడిగి తెచ్చుకునే దారి ఒకటుంది. ప్రైవేటు బడి నేరుగా సమాచార హక్కు కిందకి సాధారణంగా రాదు. దాని గుర్తింపు ఫైలు, నామినల్ రోల్స్ విద్యాశాఖ దగ్గర ఉంటాయి, విద్యాశాఖ వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఎంఈవో ఆఫీసుకి అయిదు రూపాయలు కట్టి, ముప్పై రోజులు ఆగి, "2023 నుంచి ఫలానా బళ్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల సంఖ్య" అడిగిన ఒక పెద్దాయన నాకు తెలుసు. మనవడిని చేర్పించడానికి ముందు అడిగారు. జవాబు వచ్చింది ఒకటిన్నర పేజీ.

నేను మాత్రం ఈమధ్య ఏ సర్కారు బడికెళ్లినా ముందు నల్లబల్ల వైపు చూస్తున్నాను. కుడివైపు పైమూల తేదీ కింద సుద్దముక్కతో రెండంకెలు రాసి ఉంటాయి. మొన్న ఒక ఐదో తరగతి గదిలో చూసింది: రోల్ 34, హాజరు 27. లీడరు పిల్ల రాసిందట. మధ్యాహ్నం ఇంకొకడొస్తే 27 తుడిచి 28 చేసింది.